చిన్న పెట్టె, లావు తీగ: బేస్ కాంబోలు ఎంతవరకు మోస్తాయి?

బేస్ గిటార్ చేతికొచ్చిన కొద్ది నెలలకే ఎవరికైనా ఎదురయ్యే ప్రశ్న ఇది: 40 వాట్ల చిన్న కాంబోతో కచేరీ చెయ్యొచ్చా? కాంబో అంటే యాంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఇమిడిన యంత్రం. చిన్నదైతే ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కొచ్చు, స్కూటరు మీద కాళ్ల ముందు పెట్టుకుని ఊరు దాటొచ్చు. కొందరు సీనియర్లు దీంతో భేషుగ్గా వాయించొచ్చంటారు. మరికొందరు 300 వాట్లకు తక్కువైతే ఇంట్లోంచి బయటికే తీయొద్దంటారు. ఇద్దరూ చెప్పేది సొంత అనుభవమే. వాళ్లు వాయించిన చోట్లు వేరు, వాళ్ల డ్రమ్మర్లు వేరు.

ఈ తగువును వాట్ల అంకెతో తేల్చాలని చూసినంతకాలం అది తెగదు. ముందు అడగాల్సింది మరొకటి ఉంది. వేదిక మీద పుట్టిన బేస్ నాదాన్ని చివరి వరస శ్రోత దాకా మోసుకెళ్లే బాధ్యత ఎవరిది? వాద్యకారుడి వెనకున్న యాంపుదా, హాల్లో నిలబెట్టిన సౌండ్ సిస్టమ్‌దా? యాంపుదే అయితే చిన్న పెట్టె దాదాపు ఎప్పుడూ చాలదు. సౌండ్ సిస్టమ్‌దైతే దాదాపు ఎప్పుడూ చాలుతుంది. ఈ పని విభజన మొదటినుంచీ ఉన్నది కాదు.

1951లో అమెరికన్ గిటార్ తయారీదారు లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చాడు. అప్పటిదాకా నిలువెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరిగిన వాద్యకారుడికి భుజాన తగిలించుకునే వాయిద్యం దొరికింది. కానీ బోలు లేని చెక్కతో చేసిన దాని ఒళ్లు తనంతట తాను పలకదు. అందుకే మరుసటి ఏడాదే బేస్‌మ్యాన్ యాంపు వచ్చింది. ఒకే ఒక 15 అంగుళాల స్పీకరు, పాతిక వాట్ల పైచిలుకు శక్తి. అదీ కాంబోయే. 1960లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన బీ-15 పోర్టాఫ్లెక్స్ ఆ దారిలో ఇంకో అడుగు. జెస్ ఆలివర్ రూపొందించిన ఆ పెట్టెలో యాంపు భాగాన్ని తిరగేసి లోపలికి దించి బిగించేస్తే ప్రయాణానికి సిద్ధం. దానిదీ 25 వాట్లే. న్యూయార్క్ స్టూడియోల్లో అది స్థిరంగా కుదురుకుంది. మోటౌన్ రికార్డింగ్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బుల్లో దాన్నే వాడాడు. స్టూడియోలో మాత్రం ఆయన బేస్‌ను ఎక్కువగా నేరుగా మిక్సర్‌లోకే పంపేవారు. పనిని రెండుగా పంచుకోవడం అన్నది అప్పటికే అక్కడ మొలకెత్తింది.

వేదికల మీద మాత్రం కథ ఎదురు దిశలో నడిచింది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ 55 వేలమందికి పైగా జనం ముందు వాయించారు. వాళ్ల వెనక ఉన్నవి 100 వాట్ల వాక్స్ యాంపులు. బేస్‌ను జనానికి చేర్చే వేరే ఏర్పాటేదీ చెప్పుకోదగ్గది లేదు. పాట సంగతి అటుంచి, అరుపులే వినపడ్డాయి. ఆ లోటుకు ఆ కాలం కనిపెట్టిన మందు యాంపును పెంచడమే. 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీ వచ్చింది: 300 వాట్ల వాల్వుల యాంపు, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న కేబినెట్లు. రోలింగ్ స్టోన్స్ ఆ ఏడాది అమెరికా యాత్రలో వాటిని మోసుకెళ్లారు. ఆ వంశంలో నేటి ఎస్‌వీటీ-సీఎల్ హెడ్ ఒక్కటే 36 కిలోల పైమాట. ఎనిమిది స్పీకర్ల కేబినెట్ 63 కిలోల పైమాట. రెండూ కలిపితే దాదాపు వంద కిలోలు.

తర్వాతి దశాబ్దాల్లో హాలును నింపే స్పీకర్లు, మిక్సర్లు, వేదిక మీది మానిటర్లు బాగుపడ్డాయి. బేస్ సిగ్నల్‌ను డీఐ బాక్సు, అంటే దాన్ని మిక్సర్‌కు అనువుగా మార్చే చిన్న పెట్టె, ద్వారా మిక్సర్‌కు పంపడం మామూలైపోయింది. చివరి వరస బాధ్యత యాంపు భుజం దిగింది. అయినా పెద్ద యాంపే అసలైన యాంపు అన్న నమ్మకం చాలాకాలం దిగలేదు. నేటికీ బోలెడుమంది కొత్తవాళ్లు అవసరానికి మించిన బరువు కొనుక్కుని వీపు నొప్పి తెచ్చుకుంటున్నది అందుకే.

అలాగని చిన్న పెట్టెకు హద్దులు లేవనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఆ హద్దులు కంపెనీలు గీసినవి కావు, ప్రకృతి గీసినవి.

బేస్‌లో లావు తీగను మీటితే పుట్టే మూల స్వరం సెకనుకు 41 కంపనాలు, అంటే 41 హెర్ట్జ్. గిటార్ లావు తీగది 82. శ్రుతి ఒక స్థాయి దిగినా ధ్వని తీవ్రత తగ్గకూడదంటే స్పీకరు కోను నాలుగింతల గాలిని కదపాలి. చిన్న విసనకర్రతో పెద్దదానంత గాలి రావాలంటే చెయ్యి ఎంత దూరం ఊగాలో, చిన్న కోను కూడా అంత దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. దాని కదలికకు ఒక అంచు ఉంటుంది. ఆ అంచు దాటితే వినపడేది స్వరం కాదు, బరబర. అయిదు తీగల బేస్‌లో అడుగు తీగ 31 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది కాబట్టి అక్కడ కష్టం ఇంకా ఎక్కువ.

స్పీకర్ల తయారీలో ఈ చిక్కును చెప్పే నియమానికి హాఫ్‌మన్ ఇనుప సూత్రం అని పేరు. కేఎల్‌హెచ్ అనే అమెరికన్ స్పీకర్ల కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ 1960ల తొలి రోజుల్లో దాన్ని చెప్పారు. పెట్టె చిన్నదిగా ఉండాలి, కింది స్వరాలు నిండుగా పలకాలి, కొద్దిపాటి శక్తితోనే గట్టిగా మోగాలి. ఈ మూడు కోరికల్లో ఎప్పుడూ రెండే తీరుతాయి. చిన్న కాంబో తయారుచేసే ఇంజనీరు మొదటి కోరికను ముందే తీసేసుకున్నాడు. ఇక మిగిలింది ఒకటే. నిండుదనం కావాలనుకుంటే వాట్లు కుమ్మరించాలి. గట్టిదనం కావాలనుకుంటే అడుగు స్వరాలు వదులుకోవాలి.

వాట్లు కుమ్మరించడమూ అంత తేలిక వ్యవహారం కాదు. శక్తిని రెట్టింపు చేస్తే ధ్వని 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. 40 వాట్లకూ 80 వాట్లకూ తేడా చెవికి తెలుస్తుంది గానీ అబ్బురపరచదు. రెండింతల గట్టిగా ఉన్నట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. అంటే 40 వాట్లు కాస్తా 400 కావాలి. మరోపక్క ఒక వాటుకు 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు బదులు 96 ఇచ్చేది పెడితే, యాంపు శక్తి నాలుగింతలైనట్టే. పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చువేసే వాట్ల సంఖ్య కంటే లోపలి స్పీకరు గుణం ఎక్కువ పనిచేస్తుందన్నమాట. ఒక వాటుకు ఎన్ని డెసిబెల్స్ అన్న అంకె మాత్రం కాంబోల ప్రకటనల్లో అరుదుగా కనపడుతుంది.

స్పీకరు వ్యాసాల లెక్కా ఆసక్తికరమే. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి నాలుగు 4 అంగుళాల స్పీకర్లు కలిస్తే ఒక 8 అంగుళాల స్పీకరుతో సమానం. నాలుగు 5 అంగుళాలవి ఒక 10తో సమానం. 8 అంగుళాల స్పీకరుకూ 15 అంగుళాల స్పీకరుకూ వైశాల్యంలో మూడున్నర రెట్ల తేడా ఉంటుంది.

ఇంత నిరాశ పెట్టే లెక్కల తర్వాత కూడా చిన్న కాంబోలో బేస్ బేస్‌లాగే వినపడటానికి కారణం మన చెవి. ఒక స్వరంలో మూల కంపనంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉండే అనుస్వరాలు కూడా మోగుతాయి. మూల కంపనం లేకపోయినా ఈ అనుస్వరాల అమరికను బట్టి మెదడు దాన్ని ఊహించి నింపుకుంటుంది. సెల్‌ఫోన్ స్పీకరు 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. అయినా ‘గీతాంజలి’ (1989) పాటల్ని ఫోన్‌లో విన్నవాళ్లకు ఇళయరాజా బేస్ నడక తెలియకుండా పోదు. నిజానికి అంత లావు ఎస్‌వీటీ ఎనిమిది స్పీకర్ల కేబినెట్ సైతం 58 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ తగ్గడం మొదలుపెడుతుంది. కంపెనీ వాళ్లే ప్రకటించిన అంకె అది. రాక్ సంగీతం బేస్ అని గుర్తుపట్టే ఆ నాదంలో 41 హెర్ట్జ్ పాలు చాలామంది అనుకున్నంత లేదు.

ఈ సంగతి తెలిసినవాడు చిన్న కాంబో ముందు నిలబడి చేసే మొదటి పని బేస్ నాబ్‌ను తగ్గించడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ లెక్క సరిగ్గా కుదురుతుంది. ఆ నాబ్‌తో 6 డెసిబెల్స్ పెంచితే ఆ కింది స్వరాలకు నాలుగింతల శక్తి కావాలి. యాంపు సత్తా అంతా అక్కడే ఆవిరైపోతుంది, కోను అంచుదాకా ఊగిపోతుంది. దాన్ని తగ్గించి మధ్యస్వరాలను, అంటే 250 నుంచి 800 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా పెంచితే అదే పెట్టె డ్రమ్ముల మధ్య స్పష్టంగా వినపడుతుంది. ఇంట్లో ఒంటరిగా వింటే ఆ నాదం కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. బ్యాండు మధ్యలో అదే సరిగ్గా అతుకుతుంది.

ఇంట్లో కుదిరిన నాదం వేదిక మీద చెడిపోవడానికి ఇంకో కారణం ఉంది. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ స్వరాలు సరిగా ఆనవు. 1933లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ ఈ తేడాను కొలిచి చూపించారు. పడకగదిలో నెమ్మదిగా వాయిస్తూ నిండుగా ఉండాలని బేస్ పెంచుకున్నవాడు, అదే అమరికతో వేదిక మీద వాల్యూమ్ పెంచితే హాలంతా గుంయ్‌మని బురద శబ్దం నిండుతుంది. అమరిక ఎప్పుడూ వాయించే గట్టిదనంలోనే చేసుకోవాలి.

బరువు తగ్గిన కథ విడిగా చెప్పుకోదగ్గది. 1970లలోనే పాలిటోన్ మినీ-బ్రూట్ వంటి చిన్న కాంబోలు జాజ్ వాద్యకారుల చేతుల్లోకి వచ్చాయి. వాల్టర్ వుడ్స్ అనే అమెరికన్ తయారీదారు అదే రోజుల్లో పుస్తకమంత యాంపులు చేసి డబుల్ బేస్ వాళ్ల నమ్మకం సంపాదించాడు. 1980లలో గాలియన్-క్రూగర్ లోహపు పెట్టెలో చిన్న కాంబోలు తెచ్చింది. ఇవన్నీ మంచివే గానీ కొద్దిమందికే అందాయి.

అందరికీ అందుబాటులోకి తెచ్చినవి మూడు మార్పులు. మొదటిది క్లాస్ డి యాంప్లిఫయరు. పాత పద్ధతిలో సగం దాకా శక్తి వేడిగా పోయేది. ఇందులో 90 శాతం దాకా స్పీకరుకు చేరుతుంది, లోహపు హీట్‌సింకుల భారం తప్పుతుంది. డెన్మార్క్‌లో బ్యాంగ్ అండ్ ఓలుఫ్సన్ అండతో 1999లో మొదలైన ఐస్‌పవర్ సంస్థ చేసే మాడ్యూళ్లు తర్వాత ఎన్నో బేస్ యాంపుల్లోకి చేరాయి. రెండోది స్విచ్-మోడ్ పవర్ సప్లై. కరెంటును 50 హెర్ట్జ్ దగ్గర మార్చాలంటే ఇటుకంత ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వేల హెర్ట్జ్ దగ్గర మారిస్తే అగ్గిపెట్టెంతది సరిపోతుంది. మూడోది నియోడిమియం అయస్కాంతం. 1980ల తొలి సగంలో జపాన్‌లో సుమిటోమో, అమెరికాలో జనరల్ మోటార్స్ వేర్వేరుగా దీన్ని సాధించాయి. పాత ఫెర్రైట్ అయస్కాంతం చేసే పనిని ఇది చాలా తక్కువ బరువులో చేస్తుంది.

ఇప్పుడు బజారులో ఉన్నవాటిని చూస్తే వాటి మధ్య అంతరం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక కొసన జేబులో పట్టేవి. వాక్స్ యాంప్లగ్ బేస్‌కు నేరుగా గుచ్చుకుని హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. బ్లాక్‌స్టార్ ఫ్లై 3 బేస్ 3 వాట్లది. రోలాండ్ మైక్రో క్యూబ్ బేస్ ఆర్‌ఎక్స్‌లో నాలుగు 4 అంగుళాల స్పీకర్లుంటాయి, మొత్తం శక్తి 5 వాట్లు, ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, లోపల లయల పెట్టె కూడా ఉంది. కరెంటు పోయినా సాధన ఆగదు. కాలక్షేపానికి చేసిన బొమ్మలుగా వీటిని కొట్టిపారేయడం అన్యాయం. రోజూ గంటసేపు లయతో కలిపి వాయించేలా చేసే 5 వాట్ల పెట్టె, మూలన దుప్పటి కప్పుకుని ఉండే 500 వాట్ల పెట్టెకంటే వాద్యకారుణ్ని ముందుకు తీసుకెళ్తుంది. అయితే డ్రమ్ కిట్ ఎదురుగా ఇవేవీ నిలవవు. చేత్తో వాయించే చెక్కపెట్టె కహోన్‌తో కూడా కష్టపడతాయి.

వాటిపైన బల్లకింద దాచుకునే రకం: వాక్స్ పాత్‌ఫైండర్ 10 బేస్, ఆరెంజ్ క్రష్ బేస్ 25, ఫెండర్ రంబుల్ 25, హార్ట్‌కీ హెచ్‌డీ సిరీస్‌లో చిన్నవి. 5 నుంచి 8 అంగుళాల స్పీకర్లు. ఇంట్లో సాధనకు చక్కగా సరిపోతాయి. వేదికకు చాలవు.

అసలు విషయం ఆ పైమెట్టులో ఉంది. ఫెండర్ రంబుల్ 40లో 10 అంగుళాల స్పీకరు, బరువు 8 కిలోల చిల్లర. రంబుల్ 100లో 12 అంగుళాలు, 10 కిలోలు. ఆంపెగ్ రాకెట్ బేస్ సిరీస్‌లో ఆర్‌బీ-110 50 వాట్లు, ఆర్‌బీ-112 100 వాట్లు. రంబుల్ 40కి వెనకవైపు ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ అవుట్, అంటే మిక్సర్‌కు సిగ్నల్ పంపే సాకెట్, ఉంది, అదే కీలకం. అక్కడినుంచి తీగ మిక్సర్‌కు వెళ్తే 40 వాట్ల పెట్టెకు మిగిలే పని వాద్యకారుడి చెవికీ పక్కనున్న డ్రమ్మర్‌కూ వినిపించడమే. కీబోర్డు, అకౌస్టిక్ గిటారు, తబలా లేదా కహోన్ ఉన్న చిన్న బృందం కాఫీ షాపులో, చిన్న ప్రార్థనా మందిరంలో సౌండ్ సిస్టమ్ అండ లేకుండానే దీంతో గడిపేయగలదు. కర్రలతో పూర్తి డ్రమ్ కిట్ వాయించేవాడు పక్కన చేరాడా, లెక్క మారిపోతుంది. డ్రమ్ కిట్ దగ్గర 100 డెసిబెల్స్ దాటడం మామూలే.

రెండు పెట్టెలు కొనగలిగే స్తోమత లేనివాళ్లకు ఒక్క పెట్టె చెప్పమంటే చెప్పాల్సింది 12 అంగుళాల స్పీకరు, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్, హెడ్‌ఫోన్ సాకెట్, 10 నుంచి 13 కిలోల బరువు ఉన్న రకమే. ఇంట్లో నెమ్మదిగా పలుకుతుంది, వేదిక మీద మానిటర్‌గా నిలబడుతుంది, అవసరమైతే ఓ చిన్న హాలును తానే మోస్తుంది.

బడ్జెట్ సహకరిస్తే ఆ దారిలో ఇటలీ కంపెనీ మార్క్‌బేస్ మినీ సీఎమ్‌డీ 121పీ మంచి ఉదాహరణ. సుమారు 13 కిలోలు, 12 అంగుళాల స్పీకరు, ఒంటరిగా 300 వాట్లు. ఇంకో 8 ఓమ్‌ల స్పీకర్ పెట్టెను తగిలిస్తే 500 వాట్లు. ఫెండర్ రంబుల్ 500 కూడా అంతే: రెండు 10 అంగుళాల స్పీకర్లతో 350 వాట్లు, అదనపు పెట్టె చేరితే 500. ఈ అదనపు పెట్టె ఏర్పాటును కొనుగోలుదారులు తేలిగ్గా తీసుకుంటారు గానీ చిన్న కాంబోకు ఇంతకంటే గొప్ప వరం లేదు. శక్తి పెరగడం ఒక ఎత్తు, గాలిని కదిపే వైశాల్యం రెట్టింపవడం మరో ఎత్తు. రోజూ ఒక పెట్టె, పెద్ద కచేరీ రోజున రెండు. ఎప్పుడూ మోసే బరువు మాత్రం సగమే.

ఇంకో దారి పట్టినవారు ఫిల్ జోన్స్. హై-ఫై స్పీకర్ల రూపకర్తగా పేరు తెచ్చుకున్న ఈ బ్రిటిష్ ఇంజనీరు బేస్‌కు 5 అంగుళాల స్పీకర్లే వాడతానని కూర్చున్నారు. ఆయన బేస్ కబ్‌లో అవి రెండే. కోను చిన్నది కాబట్టి పై స్వరాలు అన్ని దిక్కులకూ సమంగా పరచుకుంటాయి, ఎక్కువ దూరం ఊగేలా చేయడంతో కింది స్వరాలూ పలుకుతాయి. డబుల్ బేస్, ఫ్రెట్‌లెస్ వాయించేవాళ్లకు ఆ స్పష్టత ప్రాణం. గట్టి రాక్ బ్యాండుకు మాత్రం ఇవి సరిపడవు. ఇనుప సూత్రం ఇక్కడా తన వాటా వసూలు చేస్తుంది.

యాంపును ఎక్కడ పెట్టారన్నది చిన్న పెట్టె విషయంలో సగం ఫలితాన్ని నిర్ణయిస్తుంది. 41 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 8 మీటర్లకు పైమాటే. గోడకు ఆనించి పెడితే గోడనుంచి తిరిగొచ్చే ధ్వని నేరు ధ్వనితో కలిసి బేస్ బలపడుతుంది. మూలలో పెడితే ఇంకా బలపడుతుంది. సరిగ్గా ఒక మీటరు ముందుకు జరిపితే 86 హెర్ట్జ్ దగ్గర వెనక్కి వచ్చిన తరంగం ఎదురుపడి ఆ స్వరాన్ని మింగేస్తుంది. లావు తీగ మొదటి అనుస్వరం ఉండేది ఆ చుట్టుపక్కలే. వాట్లు చాలడం లేదని వాపోయేవాళ్లలో కొందరికి కావాల్సింది కొత్త యాంపు కాదు, పాత యాంపును వెనక్కి జరపడం. ఆరుబయట ఈ గోడల సాయం ఉండదు. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి ఆరుబయలు వేదికమీద, పెళ్లి పందిట్లో, అదే పెట్టె గదిలో కంటే బక్కచిక్కి వినపడుతుంది. అక్కడ మిక్సర్‌కు తీగ ఇవ్వక తప్పదు.

షామియానా కింద ప్లైవుడ్‌తో కట్టిన బోలు వేదికలది వేరే సమస్య. పెట్టె నేల మీద ఉంటే వేదికే డోలులా అదిరి స్వరాలన్నీ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. కుర్చీ మీదో బలమైన స్టూలు మీదో ఎత్తితే ఆ అదురు తగ్గుతుంది, స్పీకరు మోకాళ్లకు బదులు చెవులకు ఎదురవుతుంది. వెనక్కి వాల్చి పెట్టే వీలున్న కాంబోలు ఇందుకే ఉపయోగం. పిక్కల వైపు తిరిగి మోగే యాంపును వాద్యకారుడు సరిగా వినలేక వాల్యూమ్ పెంచుతూ పోతాడు. ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారు.

అపార్టుమెంట్లలో సాధన చేసేవాళ్లకు చట్టం సంగతీ తెలియాలి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. అయితే ఈ కొలతకు వాడే ‘ఏ’ తూకం మనిషి చెవిని అనుకరిస్తూ కింది స్వరాలను బాగా తగ్గించి లెక్కిస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర 34 డెసిబెల్స్‌కు పైగా కోత పడుతుంది. మీటరు హద్దులోనే చూపిస్తున్నా పక్కింటి గోడ అదురుతూ ఉండొచ్చు, ఎందుకంటే గోడలు పై స్వరాల్ని ఆపినంత బాగా కింది స్వరాల్ని ఆపలేవు. కింద మందపాటి రబ్బరు లేదా నురుగు పలక వేస్తే స్లాబులోకి దిగే అదురు కొంత తగ్గుతుంది. పొద్దుపోయాక హెడ్‌ఫోన్ ఒక్కటే మర్యాదైన దారి. హెడ్‌ఫోన్ సాకెట్ లేని సాధన యాంపును ఫ్లాట్‌లో ఉండేవాళ్లు కొనడం దండగ.

విదేశాల్లో ఉన్న అన్నో అక్కో తెచ్చిచ్చే యాంపులు తెలుగు ఇళ్లలో కొత్త కాదు. అమెరికా రకం 120 వోల్టులది. వెనక పలకమీద 100–240 అనో, 120/230 మార్చే స్విచ్చు ఉందనో కనపడకపోతే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణంలో అది పాడవుతుంది. స్విచ్-మోడ్ అయినంత మాత్రాన అన్ని వోల్టేజీలకూ పనికొస్తుందన్న భరోసా లేదు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనొచ్చు, కానీ ఆ ఇనుప ముద్దను కూడా ప్రతి కచేరీకీ మోసుకెళ్లాలంటే తేలికైన యాంపు కొన్న ఫలితం పోతుంది.

అంతకంటే పెద్ద విషయం ఎర్తు. బుయ్ మనే హమ్ శబ్దం వస్తోందని మూడు కాళ్ల ప్లగ్గులో లావు కాలును తీసేయడం, రెండు కాళ్ల అడాప్టరు పెట్టడం మన వేదికల మీద కనపడే అలవాటు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ ఎర్తు సరిగా లేని మైక్‌ను తాకి వేదిక మీదే చనిపోయాడు. తీగల వాయిద్యం పట్టుకున్నవాడి ఒళ్లు యాంపు ఎర్తుతో నేరుగా కలిసి ఉంటుంది. హమ్ పోవడానికి డీఐ అవుట్ పక్కన గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్చు ఉంటుంది. అది సిగ్నల్ తీగ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది, ప్రాణం కాపాడే ఎర్తును ముట్టుకోదు. ఆ స్విచ్చు లేని యాంపైతే వేరుగా డీఐ బాక్సు కొనుక్కోవాలి. ప్లగ్గు కాలు మాత్రం విరవకూడదు.

పెద్ద వేదికలమీద చాలామంది బేసిస్టులు ఇప్పుడు యాంపే లేకుండా, చెవిలో ఇమిడే మానిటర్లతో, ప్రీయాంప్ పెడల్‌తో పని కానిస్తున్నారు. చిన్న కాంబోల రోజులు దీంతో ముగిసిపోతాయని కొందరి అంచనా. అలా జరుగుతుందని అనిపించదు. ఇన్-ఇయర్ పద్ధతికి మంచి మిక్సరు, విడి మానిటర్ మిక్స్, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఊరి చర్చిలో, కాలేజీ ఆడిటోరియంలో, చిన్న రెస్టారెంటులో ఆ మూడూ దొరకవు. అక్కడ బేసిస్టు నమ్ముకోగలిగింది తాను తెచ్చుకున్న పెట్టెనే.

తయారీదారుల నుంచి రావాల్సింది మాత్రం ఒకటుంది. వాట్లు, బరువు, ఎఫెక్టుల సంఖ్య దండిగా అచ్చువేసే కంపెనీలు, ఆ కాంబో ఒక మీటరు దూరంలో వక్రత లేకుండా గరిష్ఠంగా ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో, ఏ హెర్ట్జ్ దగ్గర దాని స్వరం సగానికి పడిపోతుందో చాలాసార్లు చెప్పవు. వేదికల స్పీకర్లు చేసేవాళ్లు ఆ రెండు అంకెలనూ ఏళ్లుగా ఇస్తున్నారు. బేస్ కాంబోల మీద కూడా అవి కనపడేదాకా కొనేవాడికి ఒక్కటే దారి. సొంత బేస్ షాపుకు తీసుకెళ్లి, నాబులన్నీ మధ్యలో పెట్టి, లావు తీగను గట్టిగా మీటుతూ వాల్యూమ్‌ను నెమ్మదిగా పెంచుతూ పోవాలి. ఏ గీత దగ్గర స్వరం పెరగడం ఆగి అదురు మాత్రమే పెరుగుతోందో అక్కడ ఆపి, కనీసం మూడు నాలుగు మీటర్లు వెనక్కి నడిచి వినాలి. వీలైతే డ్రమ్మర్‌ను వెంట తీసుకెళ్లాలి.